నిర్ణయం ఇంగ్లిషులో, కబురు తెలుగులో

'ఊరు మునుగుతది.' ఈ మాట మన భాషలో వింటే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టవుతుంది. సర్కారు ఫైల్లో అదే ఊరు 'సబ్‌మర్జెన్స్ ఏరియా'. ఊళ్లోని తల్లీపిల్లలు 'ప్రాజెక్ట్ అఫెక్టెడ్ ఫ్యామిలీలు'. మాట మారితే మనసూ మారుతుందా?

మారుతుందనే అంటున్నారు మనస్తత్వ శాస్త్రవేత్తలు. 2014లో ఆల్బర్ట్ కోస్టా బృందం ఒక చిక్కు ప్రశ్న వేసింది. అదుపుతప్పిన ట్రాలీ బండి ఐదుగురి మీదికి దూసుకొస్తున్నది. వంతెన మీదున్న లావుపాటి మనిషిని కిందికి తోస్తే బండి ఆగుతుంది, ఐదుగురు బతుకుతారు. తోస్తారా? సొంత భాషలో అడిగితే నూటికి 20 మంది తోస్తామన్నారు. తర్వాత నేర్చిన భాషలో అడిగితే 33 మంది! చచ్చేది అదే మనిషి. మారింది భాష ఒక్కటే.

రెండో వైపూ చెప్పుకోవాలి. 2012లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన బోవజ్ కైసార్ బృందం ఇంకోటి చూపింది. ఒకే లెక్కను 'ఇంతమంది బతుకుతారు' అని ఒకసారి, 'ఇంతమంది చస్తారు' అని ఒకసారి చెప్తే సొంత భాషలో మన నిర్ణయం తారుమారవుతుంది. పరాయి భాషలో ఆ తేడా కనబడలేదు. అంటే పరాయి భాష ఆవేశాన్ని చల్లారుస్తుంది. ఆ తర్వాతి పరిశోధనల్లో అన్నిచోట్లా ఒకే తీరుగా తేలలేదు కూడా. పైసల లెక్కలో చల్లదనం మంచిదే. మనుషుల లెక్కలో?

అమ్మ ఒడిలో నేర్చిన మాటకు ఏడుపు, నవ్వు, భయం అంటుకొని ఉంటాయి. పుస్తకంలో నేర్చిన మాటకు అర్థం ఉంటుంది, తడి ఉండదు.

2013 భూసేకరణ చట్టం ప్రకారం నోటిఫికేషన్‌ను పంచాయతీలో స్థానిక భాషలో పెట్టాలి. మంచిదే. కానీ ఊరు ఉండాలా పోవాలా అని ఫైలు నడిచింది ఏ భాషలో? తేల్చేది ఇంగ్లిషులో, తేలినంక కబురు తెలుగులో.

తెలుగులో కుదరదంటారా? 348వ అధికరణం హైకోర్టుల భాష ఇంగ్లిషని చెప్తున్నా, 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పునిచ్చింది. మిన్ను విరిగి మీద పడలేదు.

మేము ఇంగ్లిషు వద్దనడం లేదు. లెక్కలు అందులోనే వేసుకోండి. సంతకానికి ముందు మాత్రం ఆ కాగితాన్ని ఆ ఊరి మాటల్లో రాసి, పైకి చదవండి. 'ఇన్ని ఇండ్లు కూలగొడుతున్నం, ఇన్ని సమాధులు ముంచుతున్నం' అని. చదివినంక కూడా చెయ్యి వణకకుంటే, అప్పుడు పెట్టండి సంతకం.

రాష్ట్రం 2014లో వచ్చింది. మన సర్కారు మన మాటల్లో ఆలోచించే రోజు ఇంకా రావాలి.