గీయని సింబల్, చదవని డేటాషీట్

సాయంత్రం ఆరు దాటాక హైదరాబాద్ ఏఎస్ రావు నగర్‌లో రాధికా థియేటర్ చౌరస్తా దగ్గర టీ తాగుతుంటే, చర్లపల్లి, కుషాయిగూడ, మల్లాపూర్ షెడ్లలో డ్యూటీ దిగిన పిల్లల మాటలు చెవిన పడుతుంటాయి. మొన్న ఒక కుర్రాడు పక్కవాడితో అంటున్నాడు: "సింబల్ కూర్చుని గీస్తున్నావా? డౌన్‌లోడ్ కొట్టు బ్రో, రెండు నిమిషాల పని." పక్కవాడు సిగ్గుపడి తల దించుకున్నాడు. నాకు బాధేసింది. సిగ్గుపడాల్సిన పని అతను చేయలేదు.

ఈ మాట ఆ కుర్రాడిది మాత్రమే కాదు. కోచింగ్ సెంటర్లో ఇదే చెబుతారు, షెడ్డు ఓనర్లు ఇదే అంటారు, ఇంటర్వ్యూలో కూర్చున్న పెద్దలూ ఇదే నమ్ముతారు. స్కీమాటిక్‌లో సింబల్ అంటే ఒక బొమ్మ, ఎవరో గీసి పెట్టిన బొమ్మ దొరుకుతుంటే మళ్లీ గీయడం తెలివితక్కువతనం, ఇంజనీర్ బుర్ర సర్క్యూట్ మీద పెట్టాలి గానీ గీతల మీద కాదు అని వాళ్ల వాదన. ఈ వాదన మొదటి మెట్టులోనే తప్పు. సింబల్ బొమ్మ కాదు. ఒక పార్ట్‌లో ఏ కాలు ఏ పని చేస్తుందో మనం బాధ్యత తీసుకుని చెప్పే మాట అది.

పదేళ్ల కింద నేను పనిచేసిన ఒక చిన్న కంపెనీలో జరిగింది చెబుతాను. మోటారు స్టార్టర్‌కు ఒక టైమర్ బోర్డు చేశాం. ఐదు వోల్టుల కోసం 78ఎల్05 రెగ్యులేటర్, టీఓ-92 ప్యాకేజీలో. లైబ్రరీలో 7805 సింబల్ రెడీగా ఉంది. పేరులో ఎల్ అక్షరం చేర్చి, ఫుట్‌ప్రింట్ మార్చి, మా డిజైనర్ ముందుకు వెళ్లిపోయాడు. డ్రాయింగ్ చూసి సంతకం పెట్టింది నేను. పెద్ద 7805లో ఒకటో కాలు ఇన్‌పుట్, రెండోది గ్రౌండ్, మూడోది అవుట్‌పుట్. చిన్న 78ఎల్05లో ఒకటో కాలే అవుట్‌పుట్, మూడోది ఇన్‌పుట్. ఒకే ఇంటి పేరు, తిరగబడ్డ వరస. అరవై బోర్డులు సోల్డరింగ్ అయిపోయాక మొదటి బోర్డుకు సప్లై ఇస్తే రెగ్యులేటర్ వేలు ఆనించలేనంత వేడెక్కింది, దాని వెనక కంట్రోలర్ చిప్ కూడా పోయింది.

నడిమి కాలు రెండింటిలోనూ గ్రౌండే కాబట్టి, అరవై రెగ్యులేటర్లూ పీకి వెనక్కి తిప్పి పెట్టాం. పని నడిచింది. కానీ బోర్డు మీద అచ్చయిన సగం చందమామ గుర్తు పాత దిక్కునే చూపిస్తోంది. ఆరు నెలల తర్వాత అదే ఫైలుతో రెండో బ్యాచ్ తెప్పించారు. కొత్తగా చేరిన సోల్డరింగ్ అమ్మాయి బోర్డు మీది గుర్తు చూసి, నేర్పినట్టే శుభ్రంగా పెట్టింది. మళ్లీ అదే కథ. తిట్లు మాత్రం ఆ అమ్మాయి తిన్నది. అందుకే ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

సాఫ్ట్‌వేర్ ఒక్క తప్పూ చూపించలేదు. చూపించడం దానికి చేతకాదు కూడా. అది పరీక్షించేది వైర్లు సింబల్‌కు సరిపోతున్నాయా అని. సింబల్ నిజం చెబుతోందా అనేది దానికి తెలియదు, డేటాషీట్ చదివిన మనిషికే తెలుస్తుంది. మూడు కాళ్ల లోకం అంతా ఇలాగే ఉంటుంది. 7905లో ఒకటో కాలు గ్రౌండ్, రెండోది ఇన్‌పుట్. ఎల్ఎం317లో వరస అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్. చదునైన వైపు మనకేసి ఉంచి చూస్తే బీసీ547 ట్రాన్సిస్టర్ కాళ్లు కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904లో ఎమిటర్, బేస్, కలెక్టర్. కోఠి గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఒకటి లేదంటే రెండోది చేతిలో పెడతారు. రెండూ ఎన్‌పీఎన్‌లే, గీస్తే గీత అదే, అంకెలు వేరు. ఆ అంకెలు వేసేదే సింబల్.

అందరికీ ఉచితంగా దొరుకుతున్న కైక్యాడ్ సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో డయోడ్ ఒకటో పిన్ను క్యాథోడ్. ఒకటో పిన్ను యానోడ్‌గా పెట్టిన లైబ్రరీలూ ఉన్నాయి. సింబల్ ఒకచోట, ఫుట్‌ప్రింట్ మరోచోట ఏరుకొచ్చి కలిపితే ఎల్ఈడీలన్నీ తలకిందులవుతాయి. పాత లాజిక్ ఐసీల సింబళ్లలో ఇంకో ఉచ్చు ఉంది. 7400లో పద్నాలుగో పిన్ను సప్లై, ఏడోది గ్రౌండ్. కొన్ని లైబ్రరీలు ఈ రెంటినీ కనపడకుండా దాచి, వీసీసీ, జీఎన్‌డీ అనే పేర్లతో వాటంతట అవే కలిసేలా పెట్టాయి. మన డ్రాయింగ్‌లో సప్లై పేరు ప్లస్ ఐదు వోల్టులని రాసుకుంటే, ఆ ఐసీకి కరెంటే అందదు. కాగితం మీద ఎక్కడా లోటు కనపడదు. పిన్ను కొస గ్రిడ్ మీద లేని సింబల్ తెచ్చినా ఇంతే, వైరు తగిలినట్టు కనిపిస్తుంది గానీ తగలదు.

ప్యానెల్ బోర్డుల వైపు వస్తే విషయం ఇంకా గట్టిది. కాంటాక్టర్ కాయిల్ ఏ1, ఏ2. ఆక్సిలరీ కాంటాక్టు 13-14 అంటే మామూలుగా తెరిచి ఉండేది, 21-22 అంటే మూసి ఉండేది. మొదటి అంకె వరస, రెండో అంకె పని: 1, 2 మూసినవి, 3, 4 తెరిచినవి. ఓవర్‌లోడ్ రిలేలో 95-96 ట్రిప్పయితే తెరుచుకుంటుంది, 97-98 మూసుకుంటుంది. వైర్‌మ్యాన్ ఫెరూల్ మీద ఈ అంకెలు చూసే కనెక్షన్ ఇస్తాడు. ఆటోక్యాడ్ ఎలక్ట్రికల్‌లో హెచ్‌పీబీ11 అనే పేరులోనే అడ్డంగా ఉన్న, మామూలుగా తెరిచి ఉండే పుష్ బటన్ అని ఉంది. ఆ పేరు పద్ధతి, వైరు ఏ దిక్కు నుంచి తగలాలో చెప్పే అట్రిబ్యూట్లు తెలియకుండా, ఎక్కడో దొరికిన ఉత్త గీతల బ్లాకు అతికిస్తే అది కాయిల్‌ను కాంటాక్టుతో ముడివేయదు, వైరు నంబరు ఎత్తుకోదు, మెటీరియల్ లిస్టులోకి రాదు. పైగా దొరికింది అమెరికా పద్ధతిది కావచ్చు. అక్కడ కాంటాక్టు అంటే ఎదురెదురుగా రెండు నిలువు గీతలు. అంతర్జాతీయ ఐఈసీ 60617 పద్ధతి నేర్చుకున్న మన ఐటీఐ పిల్లవాడికి అది కెపాసిటర్‌లా కనిపిస్తుంది.

అవతలివాళ్ల మాటలో నిజం లేకపోలేదు. నాలుగు వందల కాళ్ల ప్రాసెసర్‌కు పిన్నులు ఒక్కొక్కటీ చేత్తో టైపు చేయమని ఎవరూ అడగరు, అలా చేస్తేనే ఎక్కువ తప్పులొస్తాయి. తయారీదారు ఇచ్చిన పిన్నుల పట్టిక నుంచి తెచ్చుకోవాల్సిందే. రెసిస్టర్, కెపాసిటర్ లాంటివి లైబ్రరీలోవే వాడుకోవచ్చు. కానీ ఆ ప్రాసెసర్‌ను సప్లై ఒక ముక్క, మెమరీ ఒక ముక్క, పోర్టులు ఒక ముక్కగా విడదీసి, ఇన్‌పుట్లు ఎడమకు, అవుట్‌పుట్లు కుడికి, సప్లై పైన, గ్రౌండ్ కింద పేర్చే పని డౌన్‌లోడ్ చేయదు. చాలాసార్లు వచ్చేది ఐసీ ఆకారంలోనే ఒక పెట్టె, చుట్టూ అంకెల వరసలో పిన్నులు. దాంతో గీసిన సర్క్యూట్‌లో సిగ్నల్ ఎటు నుంచి ఎటు పోతోందో గీసినవాడికే రెండు నెలల తర్వాత అర్థం కాదు. రిపేరు చేసేవాడి సంగతి చెప్పేదేముంది?

టైం దండగ అనే మాట నేను ఒప్పుకోను. ఎనిమిది కాళ్ల ఐసీకి సింబల్ చేయడానికి ఇరవై నిమిషాలు పడుతుందనుకుందాం. అందులో గీసేది ఐదు నిమిషాలే. మిగతా పదిహేను డేటాషీట్ చదవడానికి పోతాయి: ఈ పిన్ను ఇన్‌పుట్టా, ఓపెన్ కలెక్టరా, వాడకపోతే వదిలేయొచ్చా, గ్రౌండ్‌కు కట్టాలా? ప్రతి పిన్నుకూ రకం ఎంచుకోమని ఎడిటర్ అడిగినప్పుడల్లా చదవక తప్పదు. డౌన్‌లోడ్‌లో మిగిలిందని సంబరపడే టైం ఆ చదువుదే.

ఈ కాలనీకి పేరు వచ్చిన అయ్యగారి సాంబశివరావు గారి గురించి ఇక్కడి పిల్లలకు పేరు వరకే తెలిసినట్టుంది. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) పెట్టినప్పుడు పరాయి దేశం నుంచి పెట్టె తెచ్చి పేరు మార్చి అమ్మే దారి ఆయన ముందు తెరిచే ఉంది. ఆయన ఆ దారి పట్టలేదు. 1969 నాటికి ట్రాంబే డిజైన్‌తో టీడీసీ-12 డిజిటల్ కంప్యూటర్ ఈసీఐఎల్ నుంచి బయటికి వచ్చింది. లోపల ఏముందో కాలు కాలుగా తెలిసిన మనుషులు కావాలన్నదే ఆ పట్టుదల. సింబల్ గీయడం డ్రాఫ్ట్స్‌మన్ పని, ఇంజనీర్ స్థాయికి తక్కువ అనేవాళ్లు ఆయన పేరున్న ఈ కాలనీలోనే ఉండటం నాకు మింగుడుపడదు.

ఇంటర్వ్యూలు చేసే పెద్దలను ఒకటి అడుగుతున్నాను. ఏ సాఫ్ట్‌వేర్ వచ్చు, ఎన్ని ప్రాజెక్టులు చేశావు అనే ప్రశ్నలు కాసేపు పక్కన పెట్టండి. ఆ పిల్లవాడు ఎప్పుడూ చూడని ఒక పార్ట్ డేటాషీట్ చేతికిచ్చి, అరగంట ఇచ్చి, సింబల్ చేయమనండి. చేశాక ఏ పిన్ను ఎందుకు అక్కడ పెట్టాడో అడగండి. టీ కొట్టు దగ్గర తల దించుకున్న ఆ కుర్రాడు మీ దగ్గరికి వస్తే తడుముకోకుండా చెబుతాడు.