పేరు పెట్టి, వాక్యం పట్టుకొని ప్రార్థిద్దాం



మన సంఘాల్లో ఉపవాస కూటమైనా, రాత్రి ప్రార్థనైనా మనవులకు కొదవ ఉండదు. ఒక చెల్లికి పెళ్లి సంబంధం, ఒక తమ్ముడికి ఉద్యోగం, ఒక అమ్మకు షుగరు, ఒకరికి వీసా, ఒకరికి తీరని అప్పు. వాట్సాప్ గ్రూపులో మనవి కనబడగానే పదిమంది చేతులు జోడించిన బొమ్మ పెడతారు. ఇవన్నీ దేవుని దగ్గరకు తీసుకువెళ్లవలసిన సంగతులే. యోహాను తన స్నేహితుడైన గాయు ఆరోగ్యం కోసం ప్రార్థించాడు (3 యోహాను 2). ఎపఫ్రొదితు చావుకు దగ్గరైతే పౌలు దుఃఖపడ్డాడు, దేవుడు కనికరించాడని సంతోషించాడు (ఫిలిప్పీ 2:27). అయితే తోటి విశ్వాసి కోసం మన ప్రార్థన అక్కడితో ఆగిపోతే, అతని విషయంలో దేవుడు ఏమి కోరుతున్నాడో అడగకుండానే ఆమేన్ అనేసినట్టు అవుతుంది.

ఏమి అడగాలో పరిశుద్ధ గ్రంథమే మనకు నేర్పుతుంది. ఎఫెసీ 1:15-19, ఎఫెసీ 3:14-21, ఫిలిప్పీ 1:9-11, కొలొస్స 1:9-12 తెరిచి చూడండి. ఈ పత్రికలు సంకెళ్లలో ఉన్న మనిషి పేరున మనకు అందాయి. ఫిలిప్పీవారి ప్రేమ ఇంకా పెరగాలనీ, ఏది శ్రేష్ఠమో తెలుసుకొనే వివేచన ఆ ప్రేమకు తోడు కావాలనీ ఆయన అడిగాడు. ఎఫెసువారి అంతరంగం బలపడాలని మోకాళ్లూనాడు. కొలొస్సయులు దేవుని చిత్తం ఎరిగి, ప్రతి సత్కార్యంలో ఫలించి, ఓర్పుతో నిలబడాలని వేడుకొన్నాడు. మరి తన కోసం ఏమి అడగమన్నాడు? సువార్తను ధైర్యంగా చెప్పే మాట తనకు దొరకాలని అడగమన్నాడు (ఎఫెసీ 6:19-20). విడుదల ఆశ ఆయనకు లేక కాదు. మీ ప్రార్థనల వలన మీ దగ్గరకు వస్తానని ఫిలేమోనుకు రాశాడు కూడా.

ఇక్కడ యవ్వనస్థులు గమనించవలసిన మాట ఒకటుంది. పౌలు కొలొస్సయుల ముఖం చూడలేదు (కొలొస్స 2:1). వారి సంగతి ఎపఫ్రా వచ్చి చెప్పాడు. విన్న రోజు నుండి పౌలు ప్రార్థన మానలేదు. అంటే ముందు వినాలి. ఎవరు, ఎక్కడ, ఏ కష్టంలో ఉన్నారో తెలియకుండా "దేశంలోని విశ్వాసులందరినీ దీవించు ప్రభువా" అంటే నోరు కదులుతుంది గాని, మనసుకు ఏ భారమూ తెలియదు.

కంధమాల్‌నే తీసుకుందాం. మన తెలుగు సంఘాలున్న బరంపురం గంజాం జిల్లాలోది. దానికి ఆనుకొనే కంధమాల్ ఉంది. 2007 డిసెంబరులో క్రిస్మస్ వేళ అక్కడ దాడులు జరిగాయి. 2008 ఆగస్టు 23న స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య జరిగాక, ఆ హత్యతో సంబంధం లేని క్రైస్తవుల మీద హింస విరుచుకుపడింది. చర్చిలూ ఇళ్లూ కాలిపోయాయి. దళితులు, ఆదివాసులు వేలాదిగా అడవుల్లోకి పరుగెత్తారు, శిబిరాల్లో తలదాచుకొన్నారు. ఊరికి తిరిగి రావాలంటే మతం మారాలన్న షరతు చాలామందికి ఎదురైంది. మంటలు టీవీలో కనబడినన్నాళ్లూ దేశమంతటా ప్రార్థనలు జరిగాయి. ఆ తర్వాత కోర్టుల్లో సాక్ష్యం చెప్పిన విధవరాళ్ల కోసం, తిరిగి ఊరు చేరలేక పట్టణపు అంచుల్లో కూలికి కుదిరినవారి కోసం ఎవరు ప్రార్థించాలి? కొలొస్స 1:11లోని ఓర్పు, దీర్ఘశాంతం వారికి అవసరమైంది ఆ తర్వాతి ఏళ్లలోనే.

ఓర్పు అడగడమంటే న్యాయం అడగవద్దని కాదు. విసుగక ప్రార్థించాలని చెప్పేటప్పుడు ప్రభువు ఎవరిని చూపించాడు? అన్యాయస్థుడైన న్యాయాధిపతి గుమ్మం వదలని విధవరాలిని (లూకా 18:1-8). ఆమె మనవి న్యాయం కోసమే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో దళిత సిక్కులకు, 1990లో దళిత బౌద్ధులకు అందులో చోటు దొరికింది. దళిత క్రైస్తవులు మాత్రం ఏళ్ల తరబడి సుప్రీంకోర్టు గుమ్మం దగ్గర ఆ విధవరాలిలాగే నిలబడి ఉన్నారు. లూకా 18 పట్టుకొని వారి కోసం ప్రార్థించడం రాజకీయం కాదు, వాక్యానుసారమే.

ఇదే వాక్యం మన సంఘం లోపలికి కూడా చూస్తుంది. ఫిలేమోను పత్రిక ఒక్క పేజీ ఉంటుంది, ఈ వారం చదవండి. మొదట పౌలు ఫిలేమోను కోసం ప్రార్థిస్తాడు, అతని విశ్వాసం ఇతరుల మధ్య ఫలించాలని అడుగుతాడు. వెంటనే అతని ఇంటి దాసుడైన ఒనేసిము మాట ఎత్తుతాడు. అతన్ని దాసుడుగా కాక ప్రియ సహోదరుడుగా చేర్చుకో, బాకీ ఏమైనా ఉంటే నా లెక్కలో వేయి అంటాడు. ప్రార్థించినవాడే ఆ బాకీకి పూచీ పడ్డాడు. మన మధ్య ఫిలేమోనులూ ఉన్నారు, ఒనేసిములూ ఉన్నారు. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే దళితులు ఎందరో ఉన్నారు. కోలారు బంగారు గనుల ఊళ్లో పాకీపని చేసే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఆ పని అంతం కావాలని దేశమంతా తిరిగి, 2016లో మెగసెసే పురస్కారం అందుకొన్నారు. అయినా మురుగు గుంతల్లోకి మనుషుల్ని దింపడం ఇంకా ఆగలేదు. 2013 చట్టం దాన్ని నిషేధించింది. ఆదివారం మన బల్ల పక్కన కూర్చొనే అన్న సోమవారం ఎక్కడికి దిగుతున్నాడో మనకు తెలుసా? అతని పిల్లను మన ఇంటి కోడలిగా చేసుకొనే మాట వస్తే మన విశ్వాసం ఏమంటుంది? క్రీస్తు ప్రేమ వెడల్పును పరిశుద్ధులందరితో కలిసే గ్రహించగలమని ఎఫెసీ 3:18 చెబుతుంది. కులం గోడకు ఇవతల ఉన్నవారితో మాత్రమే కూర్చొని ఆ వెడల్పును ఎలా కొలుస్తాం?

కాబట్టి యవ్వనస్థుల కూటాల్లో ఒక నెలపాటు ఇలా చేసి చూడమని కోరుతున్నాము. వారానికి పైన చెప్పిన వాక్యభాగాల్లో ఒకటి తీసుకోండి. మీ సంఘంలోని ఒకరి పేరు, మీరు ఎన్నడూ చూడని ఊరిలోని విశ్వాసుల పేరు దాని పక్కన రాయండి. సంఘంలోని వారిని ఇంటికి వెళ్లి కలవండి, "మీ కోసం ఏమి అడగమంటారు?" అని వారినే అడగండి. చెప్పింది గుట్టుగా ఉంచండి, గ్రూపులో పెట్టవద్దు. దూరపు ఊరి సంగతి నిజమో కాదో విచారించి తెలుసుకోండి. అప్పుడు వాక్యంలోని ఒక్కొక్క మనవిని వారి పేరుతో దేవుని ముందు పెట్టండి. లేచేముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ మనవికి జవాబుగా దేవుడు మన చేతులను వాడదలిస్తే ఏమి చేయాలి? ఒక కార్మికునికి నష్టపరిహారపు దరఖాస్తు రాసిపెట్టడం కావచ్చు, ఒక విద్యార్థి ఫీజు కావచ్చు, ఇంట్లో పెద్దలతో కులం గురించి నోరు విప్పడం కావచ్చు.

ఎపఫ్రా తన వారి కోసం ప్రార్థనలో పోరాడేవాడని పౌలు సాక్ష్యమిచ్చాడు (కొలొస్స 4:12). యానాంలో, చెన్నైలో, ముంబయిలో, కోలారులో మన తెలుగు సంఘాల నుండి అలాంటి ఎపఫ్రాలు లేవాలన్నదే మీ కోసం మా ప్రార్థన. మీ ప్రేమ తెలివితోను, వివేచనతోను పెరుగును గాక. ఆమేన్.