మాటల ముచ్చట: గొంతులో చిన్న కుదుపు

పిల్లలూ! డెన్మార్కు దేశపు భాషలో "హున్" అంటే ఆమె. "హుండ్" అంటే కుక్క. కాని ఈ రెండో మాట చివరనున్న "డ్" వ్రాతలోనే ఉన్నది, పలుకులో లేదు. రెండూ "హున్" అనే వినిపించాలి. మరి, ఆమె అనబోయి కుక్క అంటే ఎంత రభస!

అలా జరగదు. కుక్క అనేటప్పుడు డేనులు మాట మధ్యలో ఒక్క క్షణం గొంతు బిగిస్తారు. ఆ బిగింపు పేరే "స్టోడ్". ఇందులోని అచ్చుకు మన లిపిలో అక్షరం లేదు. పెదవులు సున్నాలా చుట్టి "ఏ" అని చూడండి, దాదాపు అదే.

స్టోడ్ అంటే మామూలు వాడుకలో తోపు, గుద్దు, కుదుపు. కరెంటు షాకునూ ఆ మాటతోనే చెబుతారు. ఈ ఇంటిమాటనే ధ్వనిశాస్త్రజ్ఞులు తీసుకున్నారు. ఇతర దేశాలవారు కూడా తమ పుస్తకాలలో దానిని అలాగే వాడుతున్నారు.

బరువైన బిందె ఎత్తబోతూ ఊపిరి బిగబడితే గొంతులో ఏదో మూసుకున్నట్లుంటుంది, గమనించారా? అక్కడ స్వరతంతువులు రెండూ దగ్గరకు చేరి దారి మూస్తాయి. స్టోడ్‌లో సాధారణంగా అంత గట్టిగా మూసుకోవు. బిగుసుకుని, కిర్రుమన్నట్లు అదురుతాయి. "ఆ" అని సాగదీస్తూ మధ్యలో కొంచెం బిగించి చూడండి. (ఇంట్లో ఎవరైనా నిద్రపోతుంటే మాత్రం వద్దు!)

దీనిని మొదట చక్కగా వర్ణించినవాడు పండితుడుగా పేరుపడ్డవాడు కాదు. యెన్స్ హోయ్స్‌గార్డ్ అనే ఆయన కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో బంట్రోతు. 1743లో ఆయన తన మాతృభాష వ్రాతను గురించి ప్రకటించిన పుస్తకంలో ఈ కుదుపును వివరించాడు. రోజూ అందరూ పలుకుతున్నదానిని శ్రద్ధగా విన్నవాడు ఆయన! దానికొక గుర్తు కూడా వాడాడు. కాని మామూలు వ్రాతలో ఆ గుర్తు నిలవలేదు. మనం "గది"కీ "గాది"కీ తేడా దీర్ఘంతో చూపుతాము. డేనిష్ వ్రాతలో స్టోడ్‌కు ఏ గుర్తూ లేదు. నిఘంటువులు మాత్రం ఉచ్చారణ చెప్పేచోట చూపుతాయి.

ఇరుగుపొరుగు భాషలైన స్వీడిష్, నార్వేజియన్‌లలో ఇలాంటి జంటమాటలను స్వరం ఎత్తుపల్లాలతో వేరుచేస్తారు. ఆ రాగమూ ఈ కుదుపూ ఒకే కుటుంబంలోవని పండితుల అభిప్రాయం. డెన్మార్కులోనే దక్షిణపు దీవి లోలాండు పాత మాండలికంలో స్టోడ్ లేదు.