చివర్లో వేసే కేబుల్

ప్రాజెక్టు రివ్యూలో మన మెకానికల్ వాళ్లం ఇంజన్ గురించి అరగంట మాట్లాడతాం. ఆ ఇంజన్‌కి మన మాట చేరవేసే కేబుల్ గురించి ఒక్క స్లైడ్ కూడా ఉండదు. "అది చివర్లో చూసుకుందాంలే" అంటాం. నేనైతే ఒప్పుకోను. కేబుల్ ఎటు నుంచి వెళ్లాలన్నది కూడా డిజైనే.

సొంతంగా విమానం కట్టుకునేవాళ్లకి ఇది బాగా తెలుసు. ముంబైలో అమోల్ యాదవ్ తమ బిల్డింగ్ మేడ మీద విమానం కట్టి, 2016లో మేకిన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. అలాంటి పనిలో ప్రతి కేబుల్‌కీ దారి బిల్డరే వెతుక్కోవాలి. కాక్‌పిట్‌లోని లివర్ నుంచి బయల్దేరి, ఫైర్‌వాల్ దాటి, వేడి సైలెన్సర్ గొట్టాలని తప్పించుకుని కార్బురేటర్ చేరాలి. మలుపు ఇరుకైతే కేబుల్ పట్టేస్తుంది. వేడి తగిలితే లోపలి ప్లాస్టిక్ పొర కరుగుతుంది. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి, కేబుల్ బిగుతుగా ఉంటే ఆ ఊపుకే థ్రాటిల్ కదిలిపోతుంది.

ఇందులో మనకి తెలియనిదేం లేదు. మన్సూరాబాద్‌లో మంచి బైక్ మెకానిక్ ఎవరైనా కొత్త యాక్సిలరేటర్ కేబుల్ వేశాక, బండి స్టార్ట్ చేసి హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి చూస్తాడు. రేస్ దానంతట అదే పెరిగితే కేబుల్ దారి తప్పని అర్థం. రూపాయి ఖర్చు లేని టెస్టు!

అసలు ప్రశ్న ఇంకోటుంది: తెగితే ఏమవుతుంది? బైక్‌లో స్ప్రింగ్ థ్రాటిల్‌ని మూసేస్తుంది, బండి పక్కకి ఆపుకుంటాం. చిన్న విమానాల్లో బాగా వాడే రోటాక్స్ 912 కార్బురేటర్లలో ఉల్టా. కేబుల్ తెగితే స్ప్రింగ్ థ్రాటిల్‌ని పూర్తిగా తెరుస్తుంది. గాల్లో పక్కకి ఆపుకోలేం కదా! ఫుల్ పవర్ ఉంటే రన్‌వే దాకా రావచ్చు, అక్కడ ఇగ్నిషన్ ఆపేసి దిగొచ్చు. అదే స్ప్రింగ్ నేల మీద ప్రమాదం: కేబుల్ తగిలించకుండా స్టార్ట్ చేస్తే విమానం ముందుకు దూకుతుంది.

"ఇప్పుడంతా ఎలక్ట్రానిక్ థ్రాటిలే కదా బ్రో" అంటారు. సరే, వైరు మాత్రం వేడికి కరగదా? రాపిడికి తెగదా?

అందుకే నా కోరిక ఒకటే. బాజా బండి అయినా, డ్రోన్ అయినా, రివ్యూ షీట్‌లో రెండు ప్రశ్నలకి మార్కులు పెట్టాలి: ఇది ఎటు నుంచి వెళ్తుంది? తెగితే ఏమవుతుంది? సార్లు పెట్టేదాకా ఆగక్కర్లేదు. ఈ సెమిస్టర్ నుంచే మన టీముల్లో మనమే అడుగుదాం.