రైల్వే గేటు దగ్గర డ్రైవరు ఒక్కడేనా దోషి?

ఏక్‌బాల్‌పూర్, కలకత్తా:

రైల్వే గేటు వద్ద ప్రమాదం జరిగిన ప్రతిసారీ దోషి గంటలోపే దొరుకుతాడు. అతడు డ్రైవరు. తరచు ఆ డ్రైవరు జవాబు చెప్పడానికి ప్రాణాలతో కూడా ఉండడు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలాలేని గేటు వద్ద నాందేడ్-సికింద్రాబాద్ పాసింజరు రైలు స్కూలు బస్సును ఢీకొని పదిమందికి పైగా పసిపిల్లలు బలయ్యారు. డ్రైవరు కూడా మరణించాడు. నింద మాత్రం అతని మీదే మిగిలింది.

డ్రైవరుకు బాధ్యత లేదని మేము అనడం లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ స్పష్టంగానే ఉంది. కాపలాలేని గేటు వద్ద వాహనం ఆపాలి. కండక్టరో, క్లీనరో, వాహనంలోని మరొకరో దిగి ఇరువైపులా చూసి పట్టాలు దాటించాలి. ఎవరూ లేకపోతే డ్రైవరే దిగి చూడాలి. మూసిన గేటును అధికారం లేకుండా తెరిస్తే 1989 రైల్వే చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు. బ్రేకు వేసినా రైలు వందల మీటర్లు దూసుకువస్తుంది. అందువల్ల "రైలు ఇంకా దూరంలోనే ఉంది" అని గేటు కింద దూరే సోదరుణ్ణి మేము సమర్థించం. అతడు తన ప్రాణాన్నే కాదు, వెనుక కూర్చున్నవారి ప్రాణాలను కూడా పణం పెడుతున్నాడు.

అయితే ఒక ప్రశ్న. దిగి చూడవలసిన ఆ క్లీనరు ఎక్కడ? ఖర్చు తగ్గించుకోవడానికి అతణ్ణి తొలగించినది యజమాని. ట్రిప్పుల లెక్కన కూలి కట్టి, గేటు దగ్గర ఆగిన ప్రతి నిమిషాన్నీ డ్రైవరు జేబులోంచి కోసేదీ యజమానే. ఖిదిర్‌పూర్ రేవుకు సరుకు మోసే మన సోదరులకు ఇది చెప్పనక్కరలేదు.

ఇక ప్రభుత్వాల సంగతి. లెవెల్ క్రాసింగులన్నింటినీ ఐదేళ్లలో తొలగించాలని కకోద్కర్ కమిటీ 2012లోనే సిఫార్సు చేసింది. మాసాయిపేట ఆ తర్వాతిది. బ్రాడ్‌గేజి మార్గాల్లో కాపలాలేని గేట్లు పోయినది 2019 జనవరికి. కాపలా ఉన్న గేట్లు నేటికీ వేలల్లో ఉన్నాయి. 2025 జూలై 8న తమిళనాడు కడలూరు సమీపాన సెమ్మన్‌కుప్పంలో కాపలా ఉన్న గేటు వద్దనే స్కూలు వ్యానును రైలు ఢీకొని ముగ్గురు విద్యార్థులు మరణించారు. ఆ గేటు సిగ్నలుతో అనుసంధానమై లేదు. అనుసంధానం ఉంటే గేటు పడనిదే రైలుకు దారి దొరకదు. అక్కడ అరెస్టయినది గేటుమన్. ఇక్కడ డ్రైవరు, అక్కడ గేటుమన్. ఎక్కడైనా కార్మికుడే!

మన ఏక్‌బాల్‌పూర్ పక్కనే 2018 సెప్టెంబరు 4న మాజేర్‌హాట్ వంతెన కూలింది. ట్రాఫిక్ కోసం అక్టోబరులో రైలు పట్టాల మీదుగా తాత్కాలిక లెవెల్ క్రాసింగు తెరిచారు. కొత్త వంతెన 2020 డిసెంబరులో గాని రాలేదు. వంతెనను కాపాడలేనివారి నిర్లక్ష్యానికి మూల్యంగా డ్రైవర్లు రెండేళ్లకు పైగా చుట్టుదారులూ గేట్లూ భరించారు.

కనుక మా డిమాండ్లు ఇవి: భారీ వాహనాలకు, స్కూలు బస్సులకు సహాయకుడు తప్పనిసరిగా ఉండాలి. ట్రిప్పుల కూలి స్థానంలో నెలజీతం ఇవ్వాలి. ప్రతి గేటునూ సిగ్నలుతో అనుసంధానించాలి. గేటుమన్లకు ఎనిమిది గంటల పనిదినం అమలు చేయాలి. రద్దీ గేట్ల వద్ద వంతెనలు నిర్మించాలి.

డ్రైవరు సోదరులారా! గేటు పడితే ఆగండి. ఎంత ఆలస్యమైనా ఆగండి. ఆ ఆలస్యానికి మీ కూలి కోసే యజమానిని నిలదీసేందుకు యూనియన్ మీ వెంట ఉంటుంది.