పాట చెప్పించే మాట

జలదంకి నుంచి ఒక అమ్మాయి ఉత్తరం రాసింది. పక్షవాతం వచ్చి వాళ్ల తాతయ్యకు మాట పడిపోయిందట. నీళ్లడగటానికి కూడా నోరు తిరగదట. కాని భజనలో కూచోబెడితే పాటను మాటలతో సహా పాడుతున్నాడట! "పాటతో వైద్యం చేసే చదువు వుందా?" అని అడిగింది.

వుంది, పిల్లలూ! మాట పలికించే భాగాలు చాలామందికి మెదడులో ఎడమవైపున వుంటాయి. పాటలో కుడివైపుకు కూడా పని వుంది. అందుచేత ఎడమవైపు దెబ్బతిన్నా కొందరికి పాట మిగులుతుంది. దీన్నిబట్టే 1973లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక పద్ధతి ప్రకటించారు. "నీళ్లు కావాలి" వంటి మాటకు చిన్న వరస కట్టి, రోగి ఎడమచేతిని తాళంగా తట్టుతూ పాడిస్తారు. రానురాను వరస తగ్గించి, మాట నిలుపుతారు. అందరికీ మాట తిరిగి రాదు.

ఈ పనికి మంచి గొంతు ఒక్కటే చాలదు. (ఫలానా రాగం ఫలానా జబ్బుకు మందు అనేవారిని నమ్మకండి.) శరీరశాస్త్రమూ, మనస్తత్వశాస్త్రమూ చదవాలి, గురువుల ఎదుట రోగులతో పనిచెయ్యాలి. మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం 1944లోనే ఈ చదువు ప్రారంభించింది. మనకు దగ్గరలో, పుదుచ్చేరిలోని శ్రీ బాలాజీ విద్యాపీఠంలో కూడా వుంది.

అమ్మాయీ, అందుకు నీకింకా ఏళ్లున్నాయి. ఈలోగా తాతయ్యకు వచ్చిన పాటలన్నీ ఒక పుస్తకంలో రాసి, ఆయనను చూసే డాక్టరుగారికి చూపించు.