ఏది ముందయితే అది

క్రిందటి సంచికలో బ్యాంకు ఖాతాలకు నామినేషన్ ఎందుకు ముఖ్యమో రాశాను. చదివిన మిత్రులొకరు ఫోన్ చేసి, "డబ్బు సంగతులు బాగానే చెబుతారు గానీ, వేసవి సెలవులకు కారులో ఊరు బయలుదేరేవాళ్ళకు పనికొచ్చే మాట ఒకటి రాయండి" అన్నారు. నేను బి.కాం. చదివినవాణ్ణి. ఇంజన్ మూత తెరిస్తే నాకు కనిపించేది పైపుల గుంపే. అయినా ఈ విషయంలో నేర్చుకున్న పాఠం ఒకటుంది. దానికి దాదాపు భారీ మూల్యమే చెల్లించబోయాను. అంచేత రాస్తున్నాను.

నేను పనిచేసే ముదగల్ మీలో చాలామందికి తెలియకపోవచ్చు. రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలో ఉంది. కృష్ణా, తుంగభద్రల నడుమ భూమి కోసం రాజులు కొట్టుకున్న రోజుల్లో ఇక్కడి కోట విజయనగరానికీ బహమనీలకూ, తర్వాత బీజాపూరు వారికీ మధ్య ఎన్నోసార్లు చేతులు మారింది. మా భాషలో చెప్పాలంటే సెకండ్ హ్యాండ్, థర్డ్ హ్యాండ్ కాదు, లెక్కలేనన్ని హ్యాండ్లు! ఊరి చుట్టూ నల్లరేగడి. ఎండాకాలంలో గాలి వీస్తే మట్టి, ఇల్కల్ వైపు వెళితే గ్రానైటు లారీల దుమ్ము. మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

నా కారు పెట్రోలు బండి, అప్పటికి ఏడేళ్ళది. ఇంటి నుంచి బ్యాంకుకు రెండు కిలోమీటర్లు. అప్పుడప్పుడు లింగసుగూరు, పండగలకు మస్కి మీదుగా సింధనూరు క్యాంపులో ఉన్న మా పెద్దమ్మ ఇల్లు. ఏడేళ్ళకు తిరిగింది ముప్ఫై ఎనిమిది వేల కిలోమీటర్లు మాత్రమే. "కారును పువ్వులా చూసుకుంటాను" అని మా శ్రీమతి దగ్గర గొప్పలు పోయేవాణ్ణి. ఉచిత సర్వీసులు అయిపోయాక ఏటా ఇంజన్ ఆయిల్ మాత్రం మార్పించేవాణ్ణి. మిగతావాటికి కిలోమీటర్లు రాలేదు కదా అని ఊరుకున్నాను.

రెండేళ్ళ క్రితం కార్తీకమాసంలో మా అమ్మను శ్రీశైలం తీసుకువెళ్ళాం. రాయచూరు, గద్వాల, కర్నూలు, ఆత్మకూరు, దోర్నాల మీదుగా ప్రయాణం. దర్శనం చక్కగా అయింది. రాత్రిపూట అడవి గేట్లు మూస్తారు కనుక మధ్యాహ్నమే తిరుగు ప్రయాణం మొదలుపెట్టాం. శిఖరం దాటాక దోర్నాల వైపు ఘాట్‌లో ముందు ఒక బస్సు, దాని వెనుక నేను, అడుగడుగునా బ్రేకు. కొంతసేపటికి ఒక మలుపు దగ్గర బ్రేకు నొక్కితే పెడల్ మెత్తగా, దూదిమీద కాలు పెట్టినట్లు, కిందదాకా దిగిపోయింది. బండి ఆగలేదు.

ఆ క్షణం ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తుంది. పెడల్‌ను గబగబా నాలుగైదుసార్లు నొక్కాను, గేరు రెండోదానికి దించాను, హ్యాండ్ బ్రేకును కొద్దికొద్దిగా లాగాను. కొండవైపు మట్టి అంచుకు చేర్చి ఆపగలిగాను. వెనక సీట్లో అమ్మ కళ్ళు మూసుకుని "మల్లన్నా" అంటోంది. మా శ్రీమతి మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం నాకు పెడల్ దిగిపోవడం కంటే ఎక్కువ భయం వేసింది. గంటసేపు నిలిపి ఉంచాక పెడల్ మళ్ళీ గట్టిపడింది. రెండో గేరులో, నడకకంటే కాస్త వేగంగా దోర్నాల చేరాం.

ముదగల్ వచ్చాక మా మెకానిక్ బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూపించాడు. కొత్తది లేత పసుపుగా ఉంటుంది. నాది చిక్కటి కషాయం. "సార్, ఇది ఏడేళ్ళు నీళ్ళు తాగింది" అన్నాడు. మనం ఆయిల్ అంటాం గానీ మన కార్లలో వాడేది నిజానికి నూనె కాదు. గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. బండి నడిచినా, షెడ్డులో నిలబడినా పీలుస్తూనే ఉంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230 నుంచి 155కి. ఘాట్‌లో ఎడతెగకుండా తొక్కితే బ్రేకుల వేడికి అది మరిగి ఆవిరి బుడగలు లేస్తాయి. ద్రవం నొక్కితే తగ్గదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అందుకే పెడల్ దిగింది. చల్లారితే బుడగలు పోయి మళ్ళీ గట్టిపడింది.

ఆ రాత్రి కారుతో ఇచ్చిన పుస్తకాన్ని మొదటిసారి చదివాను. బ్రేక్ ఆయిల్ ఎదురుగా ఇలా ఉంది: నలభై వేల కిలోమీటర్లు లేదా రెండేళ్ళు, ఏది ముందయితే అది. ముప్ఫై ఏళ్ళుగా రుణ పత్రాల మీద ఈ మాదిరి షరతులు చదివి, ఖాతాదారులకు వేలుపెట్టి చూపించి సంతకాలు పెట్టించుకున్న మనిషిని. నా సొంత పత్రంలో సగం వాక్యమే చదివాను. మా బ్యాంకులో వాయిదా తొంభై రోజులు దాటితే ఖాతా మొండిబాకీ. నా బ్రేకులు అయిదేళ్ళ బాకీ!

అప్పటినుంచి తెలుసుకున్నవి మీతో పంచుకుంటాను. మీ కారు పుస్తకంలో అంకెలు వేరుగా ఉంటే వాటినే నమ్మండి.

ఇంజన్ ఆయిల్, దాని ఫిల్టరు: ఇప్పటి పెట్రోలు కార్లలో చాలావాటికి పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది. అంబాసిడర్, ఫియట్ రోజుల్లో అయిదువేల లోపే మార్చేవారు. కొందరు మెకానిక్‌లు ఇప్పటికీ ఆ అలవాటే చెబుతారు. అందరికీ అది అవసరం లేదు. కానీ దుమ్ము దారులు, తీవ్రమైన ఎండ, రోజూ రెండు మూడు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలు కఠిన వాడకం కిందికి వస్తాయి. చిన్న ప్రయాణంలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, తేమా, కాలని పెట్రోలూ ఆయిల్‌లో చేరతాయి. అంటే తక్కువ తిరిగే నా బండి సుఖపడడం లేదు, కష్టపడుతోందన్నమాట. అలాంటివారు గడువును సుమారు సగానికి తగ్గించుకోవడం మంచిది. ఆయిల్ చిక్కదనం పుస్తకంలో చెప్పిన గ్రేడే వాడండి. "చిక్కటిది పోస్తే బలం" అనే మాట మజ్జిగకు వర్తిస్తుంది, ఇంజన్‌కు కాదు.

ఎయిర్ ఫిల్టరు: ప్రతి సర్వీసులో దులిపించి, నలభై వేలకు మార్చడం మామూలు లెక్క. మా రాయచూరు దుమ్ములో అందులో సగానికే మారుస్తున్నాను. ఏసీ ఫిల్టరు సంగతీ అంతే.

కూలెంట్: పాత రకాలు రెండు మూడేళ్ళు, కొత్త రకాలు అయిదేళ్ళు, ఆ పైన కూడా వస్తాయి. రంగు చూసి ఏదో ఒకటి కలపవద్దు. బోరు నీళ్ళు అసలే వద్దు. అందులోని లవణాలు రేడియేటర్‌లో పేరుకుంటాయి. కూలెంటుతో కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడాలి. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయవద్దు, ముఖం కాలుతుంది.

బ్రేకులు: ఆయిల్ రెండేళ్ళకు, కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా. ప్యాడ్‌లు ప్రతి సర్వీసులో చూపించండి. మూత తీసి చాలాకాలం ఉంచిన సీసాలోది పోయనివ్వకండి, అదీ తేమ పట్టినదే.

స్పార్క్ ప్లగ్గులు: మామూలువి ముప్ఫై నలభై వేలు, ఇరిడియం రకం సుమారు లక్ష కిలోమీటర్లు. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజనయితే దాని గడువు తప్పకండి. చాలా ఇంజన్లలో అది తెగితే వాల్వులూ పిస్టన్లూ ఢీకొంటాయి, బెల్టు ఖరీదుకు ఎన్నో రెట్లు బిల్లు వస్తుంది. మీ ఇంజన్‌కు బెల్టా, చెయినా అడిగి తెలుసుకోండి.

టైర్లు: పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం తయారీ. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాల్సిందే. బ్యాటరీ మూడు నాలుగేళ్ళు, వైపర్ రబ్బరు ఏడాది. ఎండకు రబ్బరు త్వరగా పెళుసెక్కుతుంది.

ఇక రెండో పక్షం కూడా చెప్పాలి. సర్వీసుకు ఇచ్చినప్పుడు ఇంజన్ ఫ్లష్, ఏదో పూత, ఇంకేదో శుద్ధి అని బిల్లు పెంచేవాళ్ళూ ఉన్నారు. "ఇది పుస్తకంలో ఏ పేజీలో ఉంది?" అని మర్యాదగా అడగండి. ఉంటే చేయించండి, లేకపోతే వద్దనండి. ఆడిటర్ వోచరు అడిగినట్లే. వాయిదా ఎగ్గొట్టడమూ తప్పే, లేని బాకీ కట్టడమూ తప్పే.

మా కామర్స్ పాఠంలో రెవిన్యూ ఖర్చు, మూలధన ఖర్చు అని రెండు చెప్పేవారు. కొన్ని వందల రూపాయల బ్రేక్ ఆయిల్ మొదటి రకం. దాన్ని మిగుల్చుకున్నాననుకుని నేను పణంగా పెట్టింది ఏ ఖాతాలోనూ రాయలేనిది.

ఇప్పుడు నా కారు అరలో బిళ్ళల లెక్క రాసుకునే చిన్న నోటుపుస్తకం ఉంది. అయిదు గళ్ళు: తేదీ, మీటరు రీడింగు, చేసిన పని, మళ్ళీ చేయాల్సిన తేదీ, మళ్ళీ చేయాల్సిన కిలోమీటరు. పాస్‌బుక్ అన్నమాట. ఉగాదికి పంచాంగం చూసే రోజునే దాన్నీ చూస్తాను. మీరూ ఊరు బయలుదేరే ముందు ఒకసారి చూడండి. ఘాట్ దిగేటప్పుడు మాత్రం ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, బ్రేకు మీదే భారం వేయకండి.

అమ్మకు ఎనభై రెండేళ్ళు. ఇంజన్ అంటే ఏమిటో ఆవిడకు తెలియదు. అయినా కారెక్కేముందు ప్రతిసారీ అడుగుతుంది: "ఆ నీళ్ళు తాగే నూనె మార్పించావా, నాయనా?" పుస్తకం తీసి తేదీ చదివి వినిపిస్తాను. అప్పుడు ఎక్కుతుంది.